రక్తంలో సీసం: టెస్టు, రిపోర్టు, ఇంట్లో వెతకాల్సిన చోట్లు - తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఆరోగ్యం గురించి తల్లిదండ్రులతో మాట్లాడుతుంటే సీసం దగ్గరకు వచ్చేసరికి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లొచ్చు. ఇందులో అంకెలన్నీ డెసిలీటరు రక్తంలో, అంటే 100 మిల్లీలీటర్లలో, ఎన్ని మైక్రోగ్రాముల సీసం ఉందో చెప్పేవి. వేరే లెక్క వాడిన చోట విడిగా చెప్పాను.

## టెస్టుకు ముందు

పెట్రోల్‌లో సీసం ఎప్పుడో తీసేశారు కదా, ఇంకా ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం 2000లో పూర్తిగా ఆగింది. దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. 1990ల చివర్లో జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో రక్తపరీక్షలు చేయిస్తే, పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా 10 దాటి కనిపించారు. పెట్రోల్ మారాక గాలిలో సీసం బాగా తగ్గింది. కానీ పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, పాత పెయింట్లు, రంగు కలిపిన మసాలాలు, సింధూరం, తుక్కుతో పోత పోసిన గిన్నెలు, కొన్ని భస్మాలు అలాగే ఉన్నాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే సుమారు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం 5 లేదా అంతకంటే ఎక్కువ ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక అంచనా వేసింది. అందులో 27 కోట్లకు పైగా పిల్లలు మన దేశంలోనే ఉన్నారు.

ఒంట్లోకి వెళ్లిన సీసం ఏం చేస్తుంది?

శరీరం దాన్ని కాల్షియం అనుకుని పొరపడుతుంది. కాల్షియం వెళ్లే దారుల్లోనే వెళ్లి ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. మెదడులో నరకణాల మధ్య సంకేతాలు నడవాల్సిన చోట అడ్డుపడుతుంది. హిమోగ్లోబిన్ తయారీలో పనిచేసే ఎంజైములను ఆపేస్తుంది. మూత్రపిండాలను, రక్తనాళాలను దెబ్బతీస్తుంది. మనిషి ఒంటికి సీసంతో అవసరం ఏమీ లేదు, చిటికెడు కూడా అక్కర్లేదు.

పిల్లలకు ముప్పు ఎక్కువ. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు వాళ్ల ఒంటికి పడుతుంది. పైగా నేల మీద పాకుతారు, దొరికింది నోట్లో పెట్టుకుంటారు. మెదడు వేగంగా ఎదిగేది కూడా సరిగ్గా ఆ వయసులోనే.

మా బాబు చక్కగా ఆడుకుంటున్నాడు. లక్షణాలేం లేకుండా టెస్టు ఎందుకు?

సీసం విషయంలో లక్షణాల కోసం ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే. 10, 15 ఉన్న పిల్లలు కూడా పైకి మామూలుగానే ఉంటారు. కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, చిరాకు, నిద్ర సరిగా పట్టకపోవడం కనిపించినా వాటిని వేరే కారణాలకే కట్టేస్తాం. మూర్ఛ, స్పృహ తప్పడం వచ్చేది చాలా ఎక్కువ స్థాయిల్లో. తక్కువ స్థాయిల్లో జరిగే నష్టం ఏకాగ్రతలో, నేర్చుకోవడంలో ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. రక్తపరీక్ష ఒక్కటే దారి.

ఏ పిల్లలకు తప్పకుండా చేయించాలి?

ఆరేళ్లలోపు పిల్లలు ముందు. ఇంట్లో ఎవరైనా బ్యాటరీ, పెయింటింగ్, టంకం, పాత ఇనుము పనుల్లో ఉన్నా, ఇంటికి దగ్గర్లో బ్యాటరీలు పగలగొట్టే చోటు ఉన్నా, పెచ్చులూడుతున్న పాత ఇంట్లో ఉంటున్నా తప్పక చేయించండి. మట్టి, సున్నం, పెయింట్ పెచ్చులు తినే అలవాటున్న పిల్లలకు, ఐరన్ వేస్తున్నా రక్తహీనత తగ్గని పిల్లలకు, ఎదుగుదలలో వెనకబడిన పిల్లలకు కూడా అవసరం. ఇంట్లో ఒకరికి ఎక్కువ వచ్చిందంటే మిగతా పిల్లలందరికీ చేయించాలి.

టెస్టు ఎక్కడ చేస్తారు? పరగడుపున వెళ్లాలా?

మామూలు రక్తపరీక్షల ప్యాకేజీలో ఇది ఉండదు. 'బ్లడ్ లెడ్' అని పేరు చెప్పి విడిగా అడగాలి. పెద్ద డయాగ్నొస్టిక్ సెంటర్లు రక్తం తీసుకుని తమ ప్రధాన ల్యాబుకు పంపుతాయి. పరగడుపు అక్కర్లేదు. చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేసిన పరీక్షే నమ్మదగ్గది. వేలికి సూదితో గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్ములో ఉన్న సీసం కూడా కలిసి అంకె పెరగొచ్చు. వేలి నుంచే తీసేటట్టయితే ముందు సబ్బుతో చేతులు బాగా కడిగించండి. అందులో ఎక్కువ వస్తే నరం నుంచి తీసి మళ్లీ చూడాల్సిందే.

జుట్టు, గోళ్లు పంపితే చాలంటున్నారు. చేయించమంటారా?

వద్దు. బయటి దుమ్ము జుట్టుకు అంటుకుంటుంది, ఫలితం మీద ఆధారపడలేం. ముందు ఒక మందు ఇచ్చి, తర్వాత మూత్రంలో లోహాలు చూపించే పరీక్షలు కూడా వద్దు. ఆ మందు ఇస్తే ఎవరికైనా అంకె పెరుగుతుంది.

## రిపోర్టు చేతికొచ్చాక

మా పాపకి 4.8 వచ్చింది. పక్కన 'నార్మల్' అని ఉంది. వదిలేయొచ్చా?

వదిలేయకండి. చాలా ల్యాబుల రిపోర్టుల్లో ఇంకా '10 లోపు నార్మల్' అనే పాత గీతే అచ్చవుతోంది. ఆ గీత చరిత్ర చూడండి. అమెరికాలో 1960లలో పిల్లలకు 60 వరకు ఫర్వాలేదనుకున్నారు. 1985లో దాన్ని 25కి, 1991లో 10కి, 2012లో 5కి దించారు. 2021 అక్టోబరులో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 3.5కి తెచ్చింది. గీత దిగిన ప్రతిసారీ, అంతకు ముందు 'నార్మల్' అనిపించుకున్న పిల్లలకు నష్టం జరిగిందని ఒప్పుకున్నట్టే. ఈ 3.5 కూడా భద్రతకు హద్దు కాదు. అక్కడి చిన్నపిల్లల్లో అందరికంటే ఎక్కువ సీసం ఉన్న రెండున్నర శాతం మందిని గుర్తించడానికి పెట్టుకున్న కొలత అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 5 లేదా అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ తెలియదని కూడా ఆ సంస్థే చెబుతోంది.

4.8కి మందులు అక్కర్లేదు, కంగారూ అక్కర్లేదు. కానీ ఇంట్లో ఎక్కడో సీసం ఉందని ఆ అంకె చెబుతోంది. దాన్ని వెతకాలి.

రిపోర్టులో 48 అని చూసి గుండె ఆగినంత పనైంది. ఏం చేయాలి?

ముందు అంకె పక్కన కొలమానం చూడండి. లీటరుకు మైక్రోగ్రాముల్లో ఇస్తే 48 అంటే డెసిలీటరుకు 4.8. అదే డెసిలీటరుకు 48 అయితే మాత్రం ఆగకూడదు, ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కొన్ని విదేశీ రిపోర్టుల్లో మైక్రోమోల్స్ ఉంటాయి. లీటరుకు 1 మైక్రోమోల్ అంటే మన లెక్కలో 20.7.

ఎంత ఉంటే ఏ స్థాయి ప్రమాదం?

10 లోపు ఉన్నప్పుడు నష్టం మెదడు ఎదుగుదలలో, ప్రవర్తనలో ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ హిమోగ్లోబిన్ తయారీ దెబ్బతిని రక్తహీనత, కడుపునొప్పులు మొదలవుతాయి. 45 లేదా అంతకు మించితే పిల్లలకు సీసాన్ని బయటకు తెచ్చే మందులు వాడతారు. 70 దాటితే అత్యవసరం. మెదడు వాపు, మూర్ఛలు రావచ్చు, ప్రాణాపాయం ఉంది కాబట్టి ఆస్పత్రిలో చేర్చాలి.

తెలివితేటలు తగ్గుతాయట. మా పిల్లకి చదువు రాదా ఇక?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు తల్లుల గొంతు వణుకుతుంది. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను. పలు దేశాల పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించిన అధ్యయనాలన్నీ కలిపి 2005లో విశ్లేషించారు. సీసం 2.4 నుంచి 10కి పెరిగినప్పుడు ఐక్యూ సగటున 4 పాయింట్ల దాకా తగ్గింది. 10 నుంచి 20కి పెరిగినప్పుడు తగ్గింది దాదాపు 2 పాయింట్లే. అంటే మొదట చేరే కొంచెం సీసమే ఎక్కువ చెరుపు చేస్తోంది.

కానీ ఇవి వెయ్యి మందికి పైగా పిల్లల సగటులు. మీ పాప విషయంలో ఏం జరుగుతుందో ఒక్క రక్తపరీక్ష చెప్పలేదు. పిల్లల ఎదుగుదలను నిర్ణయించేవి ఇంకా చాలా ఉన్నాయి: తిండి, ఐరన్, నిద్ర, ఇంట్లో మాటలు, కథలు, బడి. వాటిలో చాలావరకు మీ చేతుల్లోనే ఉన్నాయి. డాక్టరుకు చెప్పి ఎదుగుదల పరీక్షలు చేయించండి. మాటలోనో, ఏకాగ్రతలోనో వెనకబాటు కనిపిస్తే థెరపీ త్వరగా మొదలుపెట్టండి. జరిగిన నష్టాన్ని పూర్తిగా చెరిపేసే మందు లేదు, నిజమే. కానీ ఇకముందు జరగబోయేదాన్ని ఈరోజే ఆపొచ్చు.

మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలి? ఎంతకాలంలో తగ్గుతుంది?

అంకె కాస్త ఎక్కువగా ఉంటే మూడు నెలల్లోపు, 10 నుంచి 19 మధ్య ఉంటే నెలలోపు, 20 దాటితే రెండు వారాల్లోపు, 45 దాటితే 48 గంటల్లోపు మళ్లీ చూడాలి. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది, అదీ కొత్తగా చేరడం ఆగితేనే. ఎముకల్లో దాక్కున్నది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతూ ఉంటుంది. కాబట్టి చాన్నాళ్లుగా చేరినవాళ్లలో అంకె నెమ్మదిగా తగ్గుతుంది. తగ్గకుండా అక్కడే ఉంటే, లేదా పెరిగితే, మూలం ఇంకా ఇంట్లోనే ఉందని అర్థం.

పాపకి రక్తహీనత కూడా ఉంది. దీనివల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. సీసం రక్తహీనత తెస్తుంది. ఐరన్ తక్కువున్న పేగు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. మన దగ్గర ఈ రెండో సంగతి చాలా ముఖ్యం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అంటే మన పిల్లల్లో ఎక్కువమంది సీసాన్ని తేలిగ్గా పట్టుకునే స్థితిలోనే ఉన్నారు. ఐరన్ పరీక్ష కూడా చేయించి, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో వేయండి.

## ఇంట్లో వెతికేటప్పుడు

ఆంజనేయస్వామి సింధూరం పెట్టుకుంటే ప్రమాదమా?

భక్తిని తప్పు పట్టడం లేదు, నా బాధంతా ఆ పొడితోనే. నారింజ రంగులో ఉండే సంప్రదాయ సింధూరం, నాగసింధూరం అనేది, సీసపు ఆక్సైడే. ఇప్పుడు మార్కెట్లో సీసం లేని రంగుపొడులు కూడా సింధూరం పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. ఏది ఏదో కంటితో చెప్పలేం. అమెరికాలోని రట్గర్స్ పరిశోధకులు అక్కడా, మన దేశంలోనూ కొన్న 118 నమూనాలు పరీక్షించి 2017లో వెల్లడించారు. నాలుగింట మూడు వంతులకు పైగా నమూనాల్లో సీసం కనిపించింది, కొన్నింట్లో విపరీతంగా ఉంది.

చర్మం ద్వారా లోపలికి వెళ్లేది తక్కువే. అసలు దారి నోరు. నుదుటి నుంచి రాలిన పొడి చేతికి, చేతి నుంచి ముద్దకు చేరుతుంది. పసిపిల్లలకు బొట్టు పెడితే రుద్దుకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. చిన్నపిల్లలకు సింధూరం పెట్టకండి. గుడిలో ఇచ్చింది కళ్లకు అద్దుకుని పొట్లంలోనే ఉంచి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఇంట్లో చేసుకునే కుంకుమ వేరు. పసుపు కొమ్ములను నిమ్మరసం, పటిక, వెలిగారంతో ఊరబెట్టి, ఎండబెట్టి దంచుతారు, అందులో సీసం కలిసే పనే లేదు. పసుపు మంచిదై ఉండాలి, అంతే.

పసుపులో కూడా సీసమా?

అన్నింటిలో కాదు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టేటప్పుడు, మెరుపు కోసం కొందరు లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు చల్లుతారు. అది పెయింట్లలో వాడే రంగు. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం పసుపులో సీసం గ్రాముకు 10 మైక్రోగ్రాములు మించకూడదు. మన దేశంతో పాటు పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ నగరాల్లో సేకరించిన పసుపుపై 2024లో వచ్చిన అధ్యయనంలో పట్నా, కరాచీ, పెషావర్ నమూనాల్లో గ్రాముకు 1000 మైక్రోగ్రాములు దాటినవి ఉన్నాయి.

దీన్ని ఆపడం సాధ్యమేనని బంగ్లాదేశ్ చూపించింది. 2019లో అక్కడి మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంటే, ప్రచారం, తనిఖీలు, జరిమానాలతో 2021కల్లా అది సున్నాకు వచ్చింది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డులున్న మనం ఆ పని చేయలేమంటే నేను ఒప్పుకోను.

ఇంట్లో చేయగలిగింది ఇది. మరీ నిగనిగలాడే కొమ్ములు కొనకండి. తెలిసిన రైతు దగ్గర పాలిష్ పట్టని కొమ్ములు తెచ్చి మర పట్టించుకోండి. గ్లాసు నీళ్లలో కొమ్ము వేయగానే ముదురు పసుపు రంగు దిగితే అనుమానించాలి. రంగు దిగకపోయినంత మాత్రాన మంచిదని హామీ లేదు, ఖాయంగా చెప్పేది ల్యాబే.

కాటుక?

ఆముదం లేదా నేతి దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకలో సీసం ఉండదు. సుర్మా అలా కాదు, సంప్రదాయంగా సీసపు ఖనిజాన్ని నూరి చేసేది. పసిపిల్లల కళ్లకు ఏదీ పెట్టకపోవడమే మేలు.

ఇత్తడి గిన్నెల్లో వండుతున్నాం. కళాయి పూతలో సీసం ఉంటుందా?

కళాయి అంటే ఈయం (తగరం) పూత. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, ఈయం కడ్డీ రుద్ది, గుడ్డతోనో దూదితోనో లోపలంతా పరుస్తారు. ఈయం మంచిదే. కానీ అది ఖరీదైనది కాబట్టి సీసం కలిసిన చవక కడ్డీ వాడితే అది నేరుగా పులుసులోకి దిగుతుంది. చింతపండు, టమాటా, మజ్జిగ లాంటి పులుపు తగిలితే ఇంకా ఎక్కువ దిగుతుంది. కడ్డీ ఎక్కడ కొన్నారో అడగండి, నమ్మకం లేకపోతే ఆ గిన్నెలో పులుపు వండకండి. తుక్కు కరిగించి పోసిన చవక అల్యూమినియం గిన్నెలకూ ఇదే సమస్య. రోజూ పులుసుకు, చారుకు స్టీలు గిన్నె వాడండి.

ఇంటికి పెయింట్ వేయిస్తున్నాం. ఏం చూసుకోవాలి?

2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదు. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడండి. పాత తలుపులు, కిటికీ ఊచలు, గేట్లే అసలు ప్రమాదం, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ వేసినవి. వాటిని పొడిగా గరుకు కాగితంతో గీకితే ఇల్లంతా సీసపు దుమ్మే. తడిపి గీకించండి. పని జరిగినన్నాళ్లు పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకండి.

పెన్సిల్ మొన కొరికి మింగాడు!

భయం లేదు. అది గ్రాఫైట్, సీసం కాదు.

ఆయుర్వేద మందులు మానేయాలా?

ఆకులు, వేర్లతో చేసిన కషాయాలు, చూర్ణాలు ఒకటి; లోహాలు వాడే రసౌషధాలు వేరొకటి. నాగభస్మం అంటే సీసపు భస్మమే. బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉందని 2004లో తేలింది. లేబుల్ లేని పొట్లాలు, షుగరుకో సంతానానికో ఎవరో ఇచ్చిన మాత్రలు వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పి, ఆ పొట్లం తీసుకెళ్లండి. పిల్లలకు, గర్భిణులకు ఏ భస్మమూ వద్దు.

వలలకు కట్టే సీసపు గుళ్లు ఇంట్లోనే పోస్తాం. ఇబ్బందా?

ఇబ్బందే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వంట పొయ్యి మీదే పని అయిపోతుంది. కానీ ఆ పొగ, పైన తేలే బూడిద ఇంట్లోనే మిగిలిపోతాయి. పాత బ్యాటరీ పలకలు కరిగిస్తే మరీ ప్రమాదం. సెనెగల్‌లో దకార్ పక్కన తియారోయ్‌లో బ్యాటరీ సీసం వల్ల 2007, 2008 మధ్య 18 మంది పిల్లలు చనిపోయారు. ఇంటికి దూరంగా, ఆరుబయట చేయండి. ఆ మూకుడు, గరిటె మళ్లీ వంటకు వాడకండి. చలిమిడి ముద్దలా మెత్తగా ఉందని పిల్లలు గుళ్లను పళ్లతో నొక్కుతుంటారు, వారించండి.

## చికిత్స, తిండి

సీసాన్ని లాగేసే మందు ఉందట. మా బాబుకి 22 ఉంది, వాడొచ్చా?

ఉంది. సక్సిమర్ లాంటి కీలేషన్ మందులు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటకు తెస్తాయి. కానీ 20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లల మీద అమెరికాలో జరిగిన పెద్ద ట్రయల్‌లో, 2001లో వచ్చిన ఫలితాల ప్రకారం, అంకె తగ్గింది గానీ తెలివితేటల పరీక్షల్లో మేలు కనిపించలేదు. అందుకే సాధారణంగా 45 దాటితేనే, ఆస్పత్రి పర్యవేక్షణలో ఇస్తారు. మందు ఇచ్చి మళ్లీ అదే సీసం ఉన్న ఇంటికి పంపితే ఫలితం నిలవదు. 'డిటాక్స్' పేరుతో క్లినిక్కుల్లో ఎక్కించే కీలేషన్ సెలైన్లకు దూరంగా ఉండండి. ఒక మందు బదులు అలాంటి పేరే ఉన్న మరొకటి ఎక్కిస్తే కాల్షియం పడిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఏం తినిపించాలి?

ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, కాబట్టి వేళకు తినిపించండి. కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు. ఐరన్ కోసం గుడ్లు, మాంసం, ఆకుకూరలు, పప్పులు, వాటితో పాటు జామకాయో నిమ్మరసమో. కొత్తిమీర రసంతో సీసం పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మి పరీక్ష మానేయకండి.

ఇల్లు ఎలా శుభ్రం చేయాలి?

చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది. తడి గుడ్డతో తుడవండి, ముఖ్యంగా కిటికీ గూళ్లు, గడపలు, పిల్లలు పాకే నేల. గుడ్డను వేరే బకెట్లో పిండండి. చెప్పులు బయటే విప్పండి. తినేముందు, పడుకునేముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి.

## పెద్దవాళ్లు, గర్భిణులు, పనివాళ్లు

బ్యాటరీ షాపులో పనిచేస్తాను. పిల్లలకు నా వల్ల వస్తుందా?

వస్తుంది, బట్టల మీద, జుట్టులో, బండి సీటు మీద. పనిచోటే స్నానం చేసి బట్టలు మార్చుకోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకోవాలనిపిస్తుంది, కానీ ముందు స్నానం. పని దగ్గర బీడీ, గుట్కా, టీ వద్దు, చేతి దుమ్ము వాటితోనే లోపలికి పోతుంది. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష అడగండి. సీసం విషం చట్టంలో గుర్తించిన వృత్తిరోగం. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు పరిహారం హక్కు కూడా ఉంది.

పెద్దవాళ్లకు ఏమవుతుంది?

బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గొచ్చు. ప్రపంచవ్యాప్తంగా 2021లో 15 లక్షలకు పైగా మరణాలకు సీసం కారణమని అంచనా, అందులో ఎక్కువ గుండె, రక్తనాళాల జబ్బులే.

నేను గర్భవతిని. చిన్నప్పుడు బ్యాటరీలు కరిగించే బస్తీలో పెరిగాను. బిడ్డకు ముప్పా?

పరీక్ష చేయించుకోండి. ఎముకల్లో ఏళ్ల నాటి సీసం గర్భంలో, పాలిచ్చేటప్పుడు కాల్షియంతో పాటు కరిగి రక్తంలోకి వస్తుంది, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. కాల్షియం సరిపడా తీసుకుంటే ఎముకలు అంతగా కరగవు, కాబట్టి ఆస్పత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలు మానకండి. తల్లికి 40 లోపు ఉంటే సాధారణంగా పాలివ్వడం ఆపనక్కర్లేదు, బిడ్డ రక్తాన్ని కూడా గమనిస్తూ ఉండాలి. మట్టి, సుద్ద తినాలనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

ఏలూరులో అప్పుడు జరిగింది సీసం వల్లేనా?

2020 డిసెంబరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వంటి సంస్థల నివేదికలు పరిశీలించిన నిపుణుల కమిటీ పురుగుమందుల అవశేషాలే కారణమని అభిప్రాయపడింది. నిమిషాల్లో పడిపోయి గంటల్లో తేరుకోవడం సీసం చేసే పని తీరు కాదు కూడా. అయినా ఆ రక్తాల్లో సీసం కనిపించడం చిన్న సంగతి కాదు. వార్తలు చల్లారాక దాన్ని అందరూ మర్చిపోవడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

## విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో మా పాప ఏడాది చెకప్‌లో సీసం ఎక్కువ వచ్చింది. హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇంటికి వస్తామన్నారు. భయంగా ఉంది.

వాళ్లు వచ్చేది మూలం వెతకడానికే, రానివ్వండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పెయింట్ చూస్తారు. మనవాళ్ల ఇళ్లలో మాత్రం మూలం చాలాసార్లు ఊరి నుంచి వచ్చిన సూట్‌కేసులో ఉంటుంది. పూజ సామాను, పసుపు, మసాలా పొడులు, లేహ్యాలు, కాటుక డబ్బా, మూకుళ్లు అన్నీ బల్ల మీద పెట్టి చూపించండి, ఏదీ దాచకండి. ఇండాలియం పేరుతో వచ్చే కొన్ని గిన్నెల నుంచి ఆహారంలోకి సీసం దిగుతోందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది, అవి ఉంటే విడిగా చెప్పండి. అనుమానమున్న వస్తువులన్నీ వాడకం ఆపి, పారేయకుండా కవర్లో కట్టి ఉంచండి. వాళ్లు పరీక్షకు పంపుతారు, ఏది తేలిందో ఊళ్లో వాళ్లకూ ఫోన్ చేసి చెప్పండి. అదే పసుపు, అదే సింధూరం అక్కడ మనవలూ వాడుతుంటారు.